గ్రహశకలాల రేణు పదార్థం: కంప్యూటర్ అనుకరణలు

గ్రహశకలాల పైనా లోపలా ఉండే బండరాళ్లు, గులకరాళ్లు, ఇసుక, ధూళి ఎలా పేరుకుంటాయి, ఎలా జారతాయి, ఎప్పుడు చెదిరిపోతాయి అన్నది కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసే శాస్త్ర విభాగం ఇది. విడివిడి గింజలతో కూడిన ఇలాంటి పదార్థాన్ని రేణు పదార్థం అంటారు. కదలకుండా ఉన్నప్పుడు అది ఘనపదార్థంలా బరువు మోస్తుంది. వాలు ఒక హద్దు దాటితే ద్రవంలా పారుతుంది. గట్టిగా కుదిపితే వాయువులా ఎగసిపడుతుంది. ఈ మూడు పోకడలకూ సరిపోయే ఒకే సమీకరణం ఇప్పటికీ లేదు. అందుకే భూమ్మీద గోదాములు కట్టేవాళ్లూ, కొండచరియల మీద పనిచేసేవాళ్లూ ప్రయోగాల మీదే ఎక్కువగా ఆధారపడతారు. గ్రహశకలం విషయంలో ఆ వీలు దాదాపు లేదు. అక్కడి గురుత్వాన్ని భూమ్మీద నిమిషాల తరబడి నిలిపి ఉంచే ప్రయోగశాల లేదు. వస్తువులను పైనుంచి జారవిడిచే గోపురాల్లోనూ, పరావలయ మార్గంలో ఎగిరే విమానాల్లోనూ దొరికేది కొన్ని సెకన్ల భారరహిత స్థితి మాత్రమే. కాబట్టి ఈ రంగానికి కంప్యూటరే ముఖ్యమైన ప్రయోగశాల అయింది.

అక్కడి పరిస్థితి ఎంత భిన్నమో బెన్నూ అనే గ్రహశకలం లెక్కలు చెబుతాయి. దాని వ్యాసం సుమారు 490 మీటర్లు, సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.19 గ్రాములు. ఉపరితలం మీద గురుత్వ త్వరణం భూమి మీదున్న దానిలో లక్షో వంతు కూడా ఉండదు. మీటరు ఎత్తు నుంచి వదిలిన రాయి నేలను తాకడానికి రెండున్నర నిమిషాలకు పైగా పడుతుంది. తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 1.3 సెంటీమీటర్లు. సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో పైకి విసిరితే ఇక తిరిగి రాదు. భ్రమణాన్ని పక్కనపెట్టి లెక్కిస్తే, పైనున్న పావు కిలోమీటరు మందం రాళ్లన్నీ కలిసి బెన్నూ కేంద్రం దగ్గర కలిగించే పీడనం సుమారు 12 పాస్కల్‌లు. భూమ్మీద అంత పీడనం కలిగించడానికి మిల్లీమీటరుకు కాస్త మించిన నీటి పొర చాలు. ఈ అంకెను గుర్తుంచుకుంటే ఈ రంగంలోని వాదాలు చాలావరకు బోధపడతాయి. భూమ్మీద మనం లెక్కలోకే తీసుకోని అల్పబలాలు అక్కడ గురుత్వంతో సమానంగా, ఒక్కోసారి దాన్ని మించి పనిచేస్తాయి.

రాళ్లకుప్ప అన్న భావన

గ్రహశకలాలు ఏకశిలలు కాకపోవచ్చనీ, పెద్ద ఢీల్లో పగిలి, ఆ ముక్కలే గురుత్వంతో మళ్లీ చేరి ఏర్పడిన రాళ్లకుప్పలు కావచ్చనీ 1970ల చివర్లో ప్రతిపాదన వచ్చింది. దానికి బలమైన ఆధారం ఒక తోకచుక్క నుంచి దొరికింది. షూమేకర్-లెవీ 9 అనే తోకచుక్క 1992 జులైలో బృహస్పతికి మరీ దగ్గరగా వెళ్లి ముక్కలైంది. ఆ ముక్కలు వరుసకట్టి 1994 జులైలో ఆ గ్రహం మీద పడ్డాయి. ఎరిక్ ఆస్ఫాగ్, విల్లీ బెంజ్ ఒకవైపు, జాన్‌డేల్ సోలెమ్ మరోవైపు, ఆ తోకచుక్కను ఒకదానికొకటి అంటుకోని ముద్దల గుంపుగా తీసుకుని బృహస్పతి ఆటుపోటు బలానికి గురిచేసి చూశారు. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు అర గ్రాము అనుకుంటే, ఆకాశంలో కనిపించినట్టే ముక్కల వరుస లెక్కలోనూ వచ్చింది. సాంద్రత అంతకు బాగా ఎక్కువైతే కుప్ప విడిపోదు, బాగా తక్కువైతే ముక్కలు మళ్లీ చేరవు. దూరం నుంచి చూసిన ఒక సంఘటనను అనుకరించి, లోపలి పదార్థపు గుణాన్ని రాబట్టడమన్న పద్ధతికి ఇది తొలి మంచి ఉదాహరణ.

తర్వాత సాక్ష్యాలు పోగుపడ్డాయి. 1997లో నియర్ నౌక మథిల్డే అనే గ్రహశకలం పక్కనుంచి వెళ్లి, దాని సాంద్రత 1.3 మాత్రమేనని తేల్చింది. తన వ్యాసార్ధంతో పోల్చదగిన గుంతలు పడినా మథిల్డే పగిలిపోలేదు. లోపల ఖాళీ ఎక్కువుంటే ఢీ తాకిడి దూరం పాకదు. 2000లో పెత్ర్ ప్రావెత్స్, అలన్ హారిస్ భ్రమణ కాలాలను పోగుచేసి, కొన్ని వందల మీటర్లకు మించిన గ్రహశకలాల్లో 2.2 గంటల కంటే వేగంగా తిరిగేవి దాదాపు లేవని చూపారు. ఘన సెంటీమీటరుకు రెండు గ్రాములకు కాస్త పైన సాంద్రత ఉన్న కుప్పకు, మధ్యరేఖ దగ్గరి రాయి గాల్లోకి లేచిపోయే హద్దు సరిగ్గా అక్కడే ఉంటుంది. 2005లో జపాన్ నౌక హయబుసా ఇతోకావాను చేరాక కుప్ప కంటికే కనిపించింది. 535 మీటర్ల పొడవున్న ఆ శకలంలో దాదాపు 40 శాతం ఖాళీయే. ఒకవైపు బండలు గుట్టలు పడి ఉంటే, మరోవైపు నున్నటి గులకరాళ్ల మైదానం పరుచుకుని ఉంది.

లెక్క నడిచే తీరు

రేణువులను ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతికి పునాది వేసింది పీటర్ కండల్, ఒట్టో స్ట్రాక్ 1979లో జియోటెక్నిక్ పత్రికలో ప్రచురించిన వ్యాసం. వారి దృష్టి భూమ్మీది మట్టీ రాళ్ల మీదే ఉండేది. ప్రతి రేణువునూ ఒక గోళంగా తీసుకుంటారు. రెండు గోళాలు తాకినప్పుడు వాటిని కొద్దిగా ఒకదానిలోకొకటి చొరబడనిస్తారు. చొరబాటు ఎంతుంటే ఒక ఊహా స్ప్రింగు అంత గట్టిగా వాటిని వెనక్కి నెడుతుంది. ఢీకొట్టినప్పుడు పోయే శక్తిని లెక్కించడానికి దాని పక్కనే ఒక నిరోధకం ఉంటుంది. పక్కకు జారకుండా పట్టే ఘర్షణకు మరో స్ప్రింగు పెడతారు. ఘర్షణ గుణకం అనుమతించిన హద్దు దాటితే అది పట్టు వదిలి, గోళం జారుతుంది. దొర్లకుండా, మెలితిరగకుండా ఆపే నిరోధాలు తర్వాత చేరాయి. దీన్ని మృదుగోళ పద్ధతి అంటారు.

గ్రహశకలాల పరిశోధకులు మొదట వాడింది దృఢగోళ పద్ధతి. అందులో ఢీ ఒక్క క్షణంలో ముగుస్తుంది, ముందు వేగాల నుంచి తర్వాతి వేగాలను నేరుగా లెక్కగడతారు. ఎగిరి ఢీకొనే ముక్కలకు ఇది చక్కగా పనిచేస్తుంది. కుప్పలో మాత్రం ప్రతి రాయీ పక్కనున్న అనేక రాళ్లను గంటల తరబడి ఆనుకునే ఉంటుంది కాబట్టి, అక్కడ ఈ పద్ధతి తడబడుతుంది.

భూమ్మీద గురుత్వం ఒకే దిక్కున, ఒకే పరిమాణంలో ఉంటుంది. కుప్పే గ్రహశకలమైనప్పుడు ప్రతి రేణువూ మిగతా అన్నిటినీ ఆకర్షిస్తుంది. పది లక్షల రేణువులుంటే దాదాపు యాభై వేల కోట్ల జతలవుతాయి. జాషువా బార్న్స్, పీట్ హట్ 1986లో చూపిన ట్రీ పద్ధతి ఈ భారాన్ని తగ్గించింది. దూరంగా ఉన్న గుంపునంతా ఒకే ద్రవ్యరాశిగా తీసుకుని, దగ్గరివాటిని మాత్రం విడివిడిగా లెక్కించడం దాని కిటుకు. విశ్వంలో గెలాక్సీలు గుమిగూడే తీరును లెక్కించడానికి రాసిన పీకేడీగ్రావ్ అనే ప్రోగ్రామును మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెరెక్ రిచర్డ్‌సన్ బృందం సౌరకుటుంబపు రాళ్లకు మలచుకుంది. 2012లో స్టీఫెన్ ష్వార్ట్స్, రిచర్డ్‌సన్, పాట్రిక్ మిషెల్ దానికి మృదుగోళ పద్ధతిని జోడించారు. కొలరాడోలో పాల్ సాంచెజ్, డేనియల్ షీర్స్ అంతకు ముందే, 2011లో, స్వీయగురుత్వాన్నీ మృదుగోళాలనూ కలిపిన తమ సొంత ప్రోగ్రాముతో ఫలితాలు ప్రచురించారు.

ఇందులో ఖర్చంతా ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. అయిదు సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న రాళ్లు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో ఢీకొంటున్నాయనుకుందాం. చొరబాటు వ్యాసార్ధంలో ఒక శాతం దాటకూడదంటే, స్ప్రింగు గట్టిదనాన్ని రెండు రాళ్లు తాకి విడిపోవడానికి సెకనులో 60వ వంతు పట్టేలా ఎంచుకోవాలి. ఆ తాకిడిని నమ్మదగినట్టు గణించాలంటే అందులో కనీసం ముప్పై అడుగులు వేయాలి. అంటే ఒక్కో అడుగు సెకనులో రెండువేలో వంతు. బెన్నూ మీద మీటరు ఎత్తు నుంచి రాయి పడేలోపు మూడు లక్షల అడుగులు పడతాయి. కదలిక నెమ్మదిగానూ, తాకిడి వేగంగానూ జరిగే ఈ తేడాయే అసలు భారం. సూర్యకాంతి లక్షల ఏళ్లపాటు నెమ్మదిగా భ్రమణాన్ని పెంచే ప్రక్రియను ఉన్నదున్నట్టు అనుకరించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అందుకే భ్రమణాన్ని కృత్రిమంగా వేగంగా పెంచుతూ పోతారు. ఆ తొందర ఫలితాన్ని మార్చలేదని విడిగా చూపించాలి. ఇలా చూపని వ్యాసాలను జాగ్రత్తగా చదవాలన్నది ఈ రచయిత అభిప్రాయం.

రేణువుల సంఖ్యా అలాంటి అడ్డే. ఇతోకావాను మిల్లీమీటరు గింజలతో నింపాలంటే వంద కోట్ల కోట్లకు పైబడి కావాలి. అనుకరణలు కొన్ని వేల నుంచి కొన్ని పదుల లక్షల గోళాల వరకే వెళ్తాయి. కాబట్టి లెక్కలో కనిపించే ఒక్కో గోళం నిజానికి మీటర్ల వెడల్పున్న రాళ్ల ముద్దకు ప్రతినిధి. గోళాలన్నీ ఒకే పరిమాణంలో ఉంటే మరో ఇబ్బంది వస్తుంది. అవి స్ఫటికంలా వరుసలు కట్టుకుని లేని బలాన్ని తెచ్చుకుంటాయి. అందుకే ఇప్పుడు పరిమాణాలను కలగలిపి వాడడం మామూలైంది.

రాళ్లు గోళాలు కావన్నది అందరికీ తెలిసిందే. డొనాల్డ్ కొరికాన్‌స్కీ, ఆస్ఫాగ్ 2000ల్లో బహుముఖి ఆకారపు ముక్కలతో అనుకరణలు చేశారు. అందుకు వీడియో గేముల్లో వస్తువుల కదలికల కోసం వాడే ఓపెన్ డైనమిక్స్ ఇంజిన్‌ను కూడా వినియోగించారు. ఫాబియో ఫెర్రారీ, పావులో తాంగా 2020లో కోణాలున్న ముక్కలనూ గోళాలనూ పోల్చి, ముక్క ఆకారం కుప్ప తుది రూపాన్నీ లోపలి ఖాళీనీ మారుస్తుందని చూపారు. కోణాల రాళ్లు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. గోళాలకు దొర్లుడు నిరోధం జోడించడం ఆ పెనవేతకు ఒక సర్దుబాటు మాత్రమే.

సంసంజనం

బియ్యం చేటలోంచి గింజగింజగా జారుతుంది. అదే బియ్యాన్ని పిండి పడితే ముద్ద కడుతుంది. గింజల మధ్య వాండర్‌వాల్ ఆకర్షణ రెండింటిలోనూ ఉంది. గింజ చిన్నదయ్యేకొద్దీ బరువు ఘనంగా పడిపోతుంది, ఆకర్షణ మాత్రం వ్యాసార్ధంతో పాటే తగ్గుతుంది కాబట్టి పిండి దగ్గర ఆకర్షణ గెలుస్తుంది. గింజలను ఇలా ఒకదానికొకటి పట్టి ఉంచే బలమే సంసంజనం. 2010లో షీర్స్, క్రిస్టీన్ హార్ట్‌జెల్, సాంచెజ్, మైకేల్ స్విఫ్ట్ ఈ లెక్కను గ్రహశకలాలకు వర్తింపజేశారు. గురుత్వం లక్షో వంతుకు పడిపోయిన చోట, సెంటీమీటర్ల పరిమాణపు గులకరాళ్లు కూడా భూమ్మీద పిండి నడిచే తీరునే నడుస్తాయని తేల్చారు. ఈ రంగం దిశ మార్చిన వ్యాసాల్లో ఇదొకటి. అంతకుముందు గ్రహశకలాల మీది గులకరాళ్లను భూమ్మీది గులకరాళ్లలాగే చూసేవారు.

2014లో సాంచెజ్, షీర్స్ దీన్ని ముందుకు తీసుకెళ్లారు. బండల మధ్య ఖాళీల్లో సన్నని ధూళి నిండితే, అది బలహీనమైన సిమెంటులా బండలను పట్టి ఉంచుతుందని వారి అనుకరణలు చూపాయి. వచ్చిన బలం కొన్ని పదుల పాస్కల్‌లు. అదే ఏడాది బెన్ రోజిటిస్, ఎరిక్ మెక్‌లెనన్, జాషువా ఎమెరీ 1950 డీఏ అనే గ్రహశకలాన్ని పరిశీలించారు. అది 2.1 గంటలకోసారి తిరుగుతుంది. దాని తక్కువ సాంద్రతకు గురుత్వమూ ఘర్షణా మాత్రమే ఉంటే అది నిలవకూడదు. నిలిచి ఉండాలంటే సుమారు 64 పాస్కల్‌ల సంసంజనం కావాలని వారి లెక్క. అంటే చదరపు సెంటీమీటరుకు అర గ్రాముకు కాస్త పైబడిన బరువు ఆనితే తెగిపోయే పట్టు. అంతటి బలహీనమైన బంధం కిలోమీటరుకు పైగా వెడల్పున్న కొండను చెదరకుండా పట్టి ఉంచుతోంది. 2013లో హబుల్ టెలిస్కోపు పీ/2013 ఆర్3 అనే శకలం ముక్కలై విడిపోవడాన్ని ఫొటోలు తీసింది. మసతోషి హిరబయాషి బృందం ఆ ముక్కల వేగాల నుంచి, అసలు శకలపు సంసంజనం 40 నుంచి 210 పాస్కల్‌ల మధ్య ఉండేదని అంచనా కట్టింది. అది విడిపోయిన శకలం కాబట్టి ఆ అంచనా విలువైంది. నిలిచి ఉన్న శకలం కనీస బలాన్నే చెబుతుంది, విడిపోయినది హద్దును చెబుతుంది.

భ్రమణం పెరిగితే

సూర్యకాంతిని పీల్చి వేడిగా తిరిగి వెదజల్లేటప్పుడు వంకర టింకర ఆకారమున్న శకలానికి అతి స్వల్పమైన మెలిక బలం కలుగుతుంది. దీనికి యార్ప్ ప్రభావమని పేరు. 2008లో కెవిన్ వాల్ష్, రిచర్డ్‌సన్, మిషెల్ నేచర్ పత్రికలో ప్రచురించిన అనుకరణలో, భ్రమణం నెమ్మదిగా పెరిగేకొద్దీ ధ్రువాల నుంచి రాళ్లు మధ్యరేఖ వైపు జారి అక్కడొక గట్టు కట్టాయి. ఆ గట్టు నుంచి లేచిపోయిన రాళ్లు కక్ష్యలో చేరి ఒక చిన్న చంద్రుడిగా కుదురుకున్నాయి. భూమికి దగ్గరగా తిరిగే గ్రహశకలాల్లో దాదాపు ఏడింటికి ఒకటి జంటగా ఎందుకుందో, ఆ జంటల్లో పెద్దది బొంగరం ఆకారంలో ఎందుకుంటుందో ఒకే దెబ్బతో వివరించిన ఫలితమది. రాడారులో చూసిన 1999 కేడబ్ల్యూ4 అనే జంట శకలం రూపంతో అది బాగా సరిపోయింది.

ఆ వ్యాసం చదివిన ఎవరికైనా కథ ముగిసిందనిపిస్తుంది. ముగియలేదు. కుప్ప అంతటా బలం ఒకేలా ఉంటే, వేగం పెరిగినప్పుడు ముందు లొంగేది లోపలి భాగమని హిరబయాషి, షీర్స్, సాంచెజ్‌ల పరిశోధనలు చూపాయి. పై రాళ్లు మాత్రమే జారి గట్టు కట్టాలంటే లోపల గట్టి గుండె ఉండాలి. 2008 నాటి గోళాలు ఒకే పరిమాణంలో వరుసలు కట్టి ఆ గట్టిదనాన్ని తెచ్చుకున్నాయా అన్న ప్రశ్న లేచింది. ఇంతలో 2018లో హయబుసా2 నౌక ర్యుగూ అనే గ్రహశకలాన్నీ, ఓసిరిస్-రెక్స్ నౌక బెన్నూనూ చేరాయి. ఆ రెండు శకలాలూ బొంగరాలే. అయితే ర్యుగూ ఇప్పుడు 7.6 గంటలకోసారి నింపాదిగా తిరుగుతోంది. బెన్నూ గట్టు మీద పాత పెద్ద గుంతలు పడి ఉన్నాయి, అంటే గట్టు వాటికంటే పాతది. 2020లో మిషెల్, రొనాల్డ్ బలూజ్, ఇతరులు మరో దారి చూపారు. పెద్ద శకలం పగిలినప్పుడు ముక్కలు తిరిగి చేరే క్రమంలోనే బొంగరం రూపం రావచ్చునని వారి అనుకరణలు చెప్పాయి. ఒకే తుది రూపానికి రెండు వేర్వేరు దారులున్నప్పుడు, రూపం కుదిరిందన్నంత మాత్రాన దారి రుజువు కాదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు మళ్లీ మళ్లీ ఎదుర్కొనే చిక్కు ఇదే. అందుకే ఇప్పటి మంచి పరిశోధనలు ఆకారంతో ఆగకుండా, గుంతల వయసు, వాలు, బండల పంపకం లాంటి స్వతంత్ర సాక్ష్యాలతోనూ పోల్చి చూస్తున్నాయి.

కుప్పల ఆకారాల ప్రశ్నకు కాగితం మీది గణితంలోనూ దీర్ఘ చరిత్ర ఉంది. తిరిగే ద్రవరాశి ఏయే ఆకారాల్లో నిలుస్తుందన్న శతాబ్దాల పరిశోధనను సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1969లో ఒక గ్రంథంగా క్రోడీకరించారు. ద్రవానికి ఒక్కో భ్రమణానికీ కొన్ని నిర్దిష్ట ఆకారాలే సాధ్యం. ఘర్షణ ఉన్న కుప్పకు మాత్రం విశాలమైన పరిధి ఉంటుందని కీత్ హోల్‌సాపుల్ 2001లో చూపారు. ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఇషాన్ శర్మ ఈ బాటలోనే పనిచేస్తూ, చిన్న గ్రహాలను రేణు పదార్థంగా తీసుకుని వాటి ఆకారాలనూ చలనాలనూ విశ్లేషిస్తూ 2017లో గ్రంథం వెలువరించారు. అనుకరణల ఫలితాలను సరిచూసుకోవడానికి ఇలాంటి విశ్లేషణలు ఎంతో అవసరం.

పరిమాణాల వారీగా విడిపోవడం

ఇతోకావా మీద బండలు ఒకచోట, గులకరాళ్లు మరోచోట ఎందుకున్నాయి? కుదుపుకు చిన్న రాళ్లు సందుల్లోంచి కిందికి దిగి పెద్దవి పైకి తేలడమన్నది భూమ్మీద బాగా తెలిసిన విషయం. దీన్ని 1987లో ఆంథనీ రొసాటో బృందం కంప్యూటర్‌లో చూపింది. సోకో మత్సుమురా, రిచర్డ్‌సన్, మిషెల్, ష్వార్ట్స్, బలూజ్ 2014లో అదే అనుకరణను తక్కువ గురుత్వానికి తీసుకెళ్లారు. ఘర్షణ తగినంత ఉంటే అక్కడా ఇది జరుగుతుందనీ, గురుత్వం తగ్గేకొద్దీ అవసరమైన కుదుపు వేగమూ తగ్గుతుందనీ వారు తేల్చారు. కానీ నవోమీ మర్డాక్ బృందం పరావలయ విమానాల్లో చేసిన ప్రయోగంలో, గురుత్వం లేనప్పుడు రేణువుల్లో ప్రసరణ ప్రవాహాలు దాదాపు ఆగిపోయాయి. ఇక 2017లో ట్రాయ్ షిన్‌బ్రాట్, పినాకి చక్రవర్తి తదితరులు ఇంకా సరళమైన కారణం ప్రతిపాదించారు. పైనుంచి పడే గులకరాయి బండ మీద పడితే ఎగిరి మరోచోటికి పోతుంది, గులకరాళ్ల మీద పడితే అక్కడే ఆగిపోతుంది. ఇలా లెక్కలేనన్ని సార్లు జరిగితే గులకరాళ్లు గులకరాళ్ల దగ్గరికే చేరతాయి, ఏ కుదుపూ అక్కర్లేదు. వీటిలో ఏది ఎంత పనిచేసిందో ఇతోకావా మీద ఇంకా తేలలేదు.

నౌకలు చెప్పిన తీర్పు

దూరం నుంచి కొలిచిన వేడి తీరును బట్టి బెన్నూ మీద సన్నని గులకరాళ్ల మైదానాలుంటాయని ముందు అంచనా వేశారు. దగ్గరికి వెళ్తే ఎటుచూసినా బండలే కనిపించాయి. రాళ్లే బోలుగా ఉండడం వల్ల సన్నని పదార్థంలా వేడిని వదిలాయి. చివరికి నైటింగేల్ అని పేరుపెట్టిన ఇరుకు చోటును ఎంచుకుని, 2020 అక్టోబర్ 20న ఓసిరిస్-రెక్స్ సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో తన చేతిని నేలకు ఆనించింది. నేల అడ్డుకోలేదు. నైట్రోజన్ వాయువు ఊది నమూనాను పట్టుకుంటూనే సేకరణ తల దాదాపు అర మీటరు లోతుకు దిగిపోయింది. సుమారు ఆరు సెకన్లకు వెనక్కి తీసుకెళ్లే ఇంజన్లు మండకపోతే నౌక ఇంకా మునిగిపోయేదని తర్వాతి విశ్లేషణలు చెప్పాయి. ఆ చోట కొత్తగా సుమారు ఎనిమిది మీటర్ల వెడల్పున్న గుంత పడింది. వాల్ష్ బృందం రేణు అనుకరణలతో ఆ కొద్ది సెకన్ల త్వరణ కొలతలను సరిపోల్చి చూసింది. గులకరాళ్లు వదులుగా పేర్చి ఉండి, సంసంజనం దాదాపు లేదనుకుంటేనే లెక్క కుదిరింది. నమూనా పెట్టె మూతను రాళ్లు అడ్డుకోవడంతో కొంత పదార్థం జారిపోయినా, 2023 సెప్టెంబర్ 24న యూటా ఎడారిలో దిగిన గుళికలో 121.6 గ్రాములు దొరికాయి.

ర్యుగూ కూడా అదే చెప్పింది. 2019 ఏప్రిల్ 5న హయబుసా2 రెండు కిలోల రాగి గుండును సెకనుకు రెండు కిలోమీటర్ల వేగంతో దాని మీదికి పేల్చింది. 14 మీటర్లకు పైగా వెడల్పున్న గుంత పడింది. పదార్థపు బలం కాక గురుత్వమే పరిమాణాన్ని నిర్ణయించే తరహా గుంత అది. 1950 డీఏకు కావలసిన పదుల పాస్కల్‌లకూ, ఈ రెండు శకలాల పైపొరలో కనిపించిన దాదాపు సున్నాకూ పొత్తు కుదర్చడం ఇప్పుడు ఈ రంగం ముందున్న పెద్ద పని. పైపొరలో సన్నని ధూళి ఎగిరిపోయి లోపల మిగిలి ఉండొచ్చు. శకలాల రకాలను బట్టీ మారొచ్చు. లోపలి కొలత లేనంతకాలం రెండూ ఊహలే.

డైమార్ఫస్

2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ నౌక డిడిమస్ గ్రహశకలపు చంద్రుడైన డైమార్ఫస్‌ను సెకనుకు ఆరు కిలోమీటర్లకు పైబడిన వేగంతో కావాలనే ఢీకొట్టింది. నౌక బరువు సుమారు 580 కిలోలు. 11 గంటల 55 నిమిషాల కక్ష్యాకాలం 33 నిమిషాల మేర తగ్గింది. ఎగసిన రాళ్లు వెనక్కి తన్నిన తోపు వల్ల, నౌక ఒక్కటే ఇచ్చే తోపు కంటే 3.6 రెట్లు తోపు అందిందని ఆండ్రూ చెంగ్ బృందం అంచనా కట్టింది. డైమార్ఫస్ సాంద్రత కచ్చితంగా తెలియక ఆ అంకె 2.2 నుంచి 4.9 వరకు సాగుతుంది.

దీన్ని అనుకరించడంలో అసలు కష్టం కాలమానాల తేడా. ఢీ తొలి తాకిడి సెకనులో అతి చిన్న భాగంలో ముగుస్తుంది, రాళ్లు లేచి పడి కుదురుకోవడానికి గంటలు పడుతుంది. మొదటి భాగానికి పదార్థాన్ని అవిచ్ఛిన్న మాధ్యమంగా చూసే పద్ధతులు వాడతారు. బెర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ యుట్జి, సబినా రదుకాన్ ఆ పద్ధతిలోనే గంటల పాటు సాగే దశను కూడా లెక్కించే ఉపాయాలు కనిపెట్టారు. 2024లో వెలువడిన వారి ఫలితం ప్రకారం, డైమార్ఫస్ సంసంజనం కొన్ని పాస్కల్‌లకు మించదు. అలాంటప్పుడు ఢీ వల్ల పడేది మామూలు గుంత కాదు, శకలం ఆకారమే మొత్తంగా మారిపోతుంది. ఢీ తర్వాత కాంతి మార్పులను విశ్లేషించిన శాంతను నాయుడు బృందమూ, ఢీకి ముందు చదునైన గోళంలా ఉన్న డైమార్ఫస్ ఇప్పుడు సాగిన రూపంలో ఉందని తేల్చింది. ఒక గ్రహశకలాన్ని భూమి దారి నుంచి తప్పించాల్సిన రోజు వస్తే తోపు ఎన్ని రెట్లు పెరుగుతుందన్నది ఆ కుప్పలోని ఘర్షణ మీదా, సంసంజనం మీదా, బండల అమరిక మీదా ఆధారపడుతుంది. ఈ అనుకరణలకు ఇంత శ్రమ పెట్టడంలోని ఆవశ్యకత అక్కడుంది.

ఐరోపా అంతరిక్ష సంస్థ హెరా నౌక 2024 అక్టోబర్ 7న బయల్దేరింది. 2026 చివరికి డిడిమస్ జంటను చేరాలన్నది ప్రణాళిక. దానితో వెళ్లిన జువెంటాస్ అనే చిన్న ఉపగ్రహం రాడారుతో డైమార్ఫస్ లోపలికి చూస్తుంది. బండలు లోపల ఎలా అమరి ఉన్నాయో, ఖాళీ ఎంతుందో నేరుగా తెలుసుకోవడానికి దొరికే తొలి అవకాశాల్లో ఇదొకటి. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ గ్రహశకలం భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో వెళ్తుంది. నిట్టవాలుగా ఉన్న చోట్ల చిన్నపాటి జారుడులే ఉంటాయని యాంగ్ యు, రిచర్డ్‌సన్, మిషెల్ తదితరుల 2014 అనుకరణ చెప్పింది. భూమి ఆకర్షణకు అపోఫిస్ దొర్లుడు తీరే మారి, ఆ తర్వాత ఏళ్ల తరబడి నెమ్మదిగా రాళ్లు కదలవచ్చని బలూజ్ బృందం 2024లో లెక్కగట్టింది. ఇప్పుడు ఓసిరిస్-అపెక్స్ అని పేరు మార్చుకున్న బెన్నూ నౌకే ఆ దాటింపు తర్వాత అపోఫిస్ కక్ష్యలోకి చేరి ఉపరితలాన్ని ఫొటోలు తీయనుంది. ఏ వాలు జారింది, ఏది జారలేదు అన్న పటం చేతికొస్తే, ఘర్షణకూ సంసంజనానికీ లెక్కల్లో ఇప్పుడు ఊహించి పెడుతున్న విలువలకు రెండు వైపులా హద్దులు దొరుకుతాయి.